నాలుగేళ్లవాడు, నాలుగు తీగలు: పది వారాల డైరీ

మా చిన్నోడికి నాలుగేళ్ల మూడు నెలలు. వాడి చేతికి యుకులేలే (గిటార్ లాంటి చిన్న వాయిద్యం) ఇచ్చి పది వారాలైంది. ఏది పనిచేసిందో, ఎక్కడ బోల్తా పడ్డానో మరిచిపోకముందే రాసుకుంటున్నా.

ముందు వయొలిన్ అనుకున్నా. చిన్నపిల్లల కోసం 1/16 సైజువి కూడా ఉంటాయి. కానీ దానిమీద స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి, కమాను పట్టడం ఇంకో పెద్ద పని. ఇంట్లో ఉన్న కీబోర్డు ముందు కూర్చోబెడితే రిథమ్ బటన్ నొక్కి డాన్స్ మొదలెట్టాడు. ఆ రోజుకి సంగీతం అంతే. చివరికి సొప్రానో అనే చిన్న సైజు యుకులేలే దగ్గర ఆగాం. దాదాపు 53 సెంటీమీటర్ల పొడవు, నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి. స్టీలు తీగల్లా వేళ్లను కొయ్యవు.

కొన్నాక రెండు వారాల దాకా వాడికి ఇవ్వకూడదనుకున్నా. నేనే వాయించుకుంటూ కూర్చున్నా. ఈ ఆలోచన నాది కాదు, షినిచి సుజుకిది (1898–1998). మాతృభాషను విని విని, పలికి పలికి నేర్చుకున్నట్టే పిల్లలకు సంగీతమూ వస్తుందని నమ్మిన జపాన్ వయొలిన్ గురువు ఆయన. ఆ పద్ధతిలో ముందు తల్లో తండ్రో కాస్త నేర్చుకుంటారు, పిల్లలు పక్కన కూర్చుని చూస్తారు. పదకొండో రోజున "ఎప్పుడూ నువ్వేనా అమ్మా?" అని ఏడుపు. అప్పుడిచ్చాను.

మొదటి వారం. కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి. పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతుంది. మొదట విసుగొచ్చింది కానీ, మా అసలు పాఠం అదే అయింది. యుకులేలే తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ (శ్రుతి చూపే చిన్న పరికరం) శబ్దాన్ని కాదు, చెక్కలోని కంపనాన్ని పట్టుకుంటుంది. అందుకే పక్కన ఎంత గోల ఉన్నా పనిచేస్తుంది. నేను బిరడ తిప్పుతాను, తెర మీద పచ్చరంగు రాగానే వాడు "ఆపు" అనాలి. నాలుగో రోజుకి తెర చూడకుండానే "ఇంకా ఏడుస్తోంది" అన్నాడు. దిగిన తీగకి మా ఇంట్లో ఇప్పుడు అదే పేరు.

బిరడలు మాత్రం వాడికి ఇవ్వలేదు, తీగ తెగితే ప్రమాదమని. తీరా తెంపింది నేను. ఎ (A) స్వరం తీగ మీటుతూ పక్క తీగ బిరడ తిప్పాను. శ్రుతి ఎంతకీ మారడం లేదేంటా అని ఇంకా తిప్పాను. టప్! కొత్త తీగ ముడి వేయడానికి నలభై నిమిషాలు. మళ్లీ వారం సాగుడు.

రెండు, మూడు వారాలు. ఒళ్లో నుంచి వాయిద్యం జారిపోతూ ఉంటుంది. అలమారా అరల్లో పరిచే జారని రబ్బరు షీటు ముక్క ఒకటి తొడ మీద వేస్తే సరిపోయింది. పాదాలు నేలకి ఆనేంత పొట్టి కుర్చీ కూడా ముఖ్యం. కాళ్లు వేలాడితే ఒళ్లంతా ఊగుతుంది.

ఎడమచేతికి అసలు పనే పెట్టలేదు. ఏ తీగా నొక్కకుండా నాలుగూ కలిపి మీటినా వినడానికి బాగుంటుంది, తప్పు స్వరమన్నదే ఉండదు. వాడు బొటనవేలితో మీటుతాడు, నేను వెనకనుంచి తీగలు నొక్కి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పట్టుకుంటాను. సగం సమయం వాయిద్యం పక్కన పెట్టి తకిట, తకధిమి అంటూ చప్పట్లే.

నాలుగో వారం. అత్యాశకి పోయి రోజుకి పదిహేను నిమిషాలు అని పెట్టాను. మూడో రోజు వాడు మంచం కిందికి దూరాడు. బతిమాలితే ఇంకా లోపలికి. ఆ వారం మిగతా రోజుల లెక్క: 4 నిమిషాలు, 6, సున్నా, రెండుసార్లు మూడేసి. అప్పటినుంచి వాడు "ఇంకా" అంటుండగానే ఆపేస్తున్నా.

ఇంకో మార్పు కూడా చేశాను. యుకులేలేని సంచిలోంచి తీసి, వాడికి అందే ఎత్తులో, ఎండ తగలని గోడకి కొక్కెం పెట్టి తగిలించాను. సంచిలో ఉన్నప్పుడు తనంతట తాను అడిగింది వారానికి ఒకసారేమో. ఇప్పుడు రోజుకి మూడు నాలుగుసార్లు అటు వెళ్తూ ఒకసారి మీటి పోతాడు. ముందే ఎందుకు చేయలేదో!

ఆరో వారం. ఎడమచేయి. సి కార్డ్‌కి ఒక్క వేలు చాలు, ఎ తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డకడ్డీ) దగ్గర. ఉంగరపు వేలు పెట్టాలంటారు, వాడి ఉంగరపు వేలికి అంత బలం లేదు. చూపుడు వేలితో నొక్కుతున్నాడు, నొక్కనీ. ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా ఆనుకుని వెనకవైపు నొక్కితే తక్కువ బలం సరిపోతుంది, జుయ్‌మనదు. అక్కడో చుక్క స్టిక్కర్ అంటించాను. గోరు పెరిగితే ఏదీ పలకదు కాబట్టి రెండు మూడు రోజులకోసారి చూసి కత్తిరిస్తున్నా. వేలికొస నొప్పి అన్నాడంటే ఆ పూటకి చప్పట్లే.

ఎనిమిదో వారం. తీగలకి ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టాడు. లావు గొంతు నాన్న, తర్వాత అమ్మ, అక్క, సన్నగొంతు తను. పైనుంచి మీటి చూసి ఆగిపోయాడు. "అక్క నాన్న కంటే పైకెక్కి కూర్చుంది!" నిజమే. పైనుంచి వరస జి, సి, ఇ, ఎ. అందులో జి తీగ సి, ఇ రెండిటికన్నా పై స్వరం. రెండు నెలలుగా శ్రుతి చేస్తున్నదాన్ని, ఆ వరస వింతగా ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

పదో వారం. సి నుంచి ఎ మైనర్ అనే ఇంకో కార్డ్‌కి మారుతున్నాడు. దీనికీ ఒక్క వేలే, జి తీగ రెండో ఫ్రెట్ దగ్గర. మారడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. మొదట్లో "త్వరగా, త్వరగా" అనేదాన్ని, వేలు బిగుసుకుపోయేది. ఇప్పుడు వాళ్లక్కా నేనూ చివరి అక్షరాన్ని సాగదీస్తూ ఉంటాం. వాడి వేలు చేరాక పాట ముందుకెళ్తుంది. మాకు ఊపిరి అందనప్పుడు వాడికి నవ్వాగదు, కావాలనే ఆలస్యం చేస్తున్నాడేమోనని అనుమానం.

తర్వాతది ఎఫ్ కార్డ్. ఎ మైనర్ వేలు అలాగే ఉంచి, ఇ తీగ మొదటి ఫ్రెట్ మీద ఇంకో వేలు. తొందరేం లేదు. ఈలోగా విడి ఎ తీగలు రెండు తెచ్చిపెట్టుకున్నా, బిరడ తిప్పేది ఇంకా నేనే కదా.