పైపు లోపలి వైపు

గల్ఫ్‌లో ఉన్నన్నాళ్ళూ నా పేరు కంటే నా స్టాంపు నంబరే ఎక్కువ మందికి తెలుసు. రిఫైనరీ షట్‌డౌన్ పనుల్లో ప్రతి జాయింటు పక్కనా వెల్డర్ నంబరు రాస్తారు. ఎక్స్‌రేలో తేడా వస్తే ఆ నంబరుకి పిలుపు వస్తుంది. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తే చుట్టూ మనమే తిరుగుతూ వెల్డ్ చేయాలి. ఆ సిక్స్ జీ టెస్టు పాసై వెళ్ళినవాణ్ణి. రూట్‌కి, అంటే అడుగున వేసే మొదటి పొరకి, 6010 రకం రాడ్డు, పైపొరలకి 7018. అన్నీ మందపాటి కార్బన్ స్టీలు పైపులే. పని నాకు వచ్చు అన్న ధీమాతోనే అక్కణ్ణుంచి ఈ దేశం వచ్చి, పాత మోటార్ సైకిళ్ళు బాగుచేసే షెడ్డులో చేరాను.

చేరిన నెలలోనే 1974 నాటి కవాసకి జెడ్1 వచ్చింది. 903 సీసీ, నాలుగు సిలిండర్లు, నాలుగు పైపులు, నాలుగు సైలెన్సర్లు. పైన క్రోమ్ ఇంకా మెరుస్తోంది. అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మాత్రం సర్రున లోపలికి దిగిపోయింది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. బండిని కొద్ది కొద్ది దూరాలకే తిప్పితే సైలెన్సర్ సరిగ్గా వేడెక్కదు, ఆ నీరు అడుగున నిలిచిపోయి లోపల్నుంచి తినేస్తుంది. బండి యజమాని రిటైరైన లారీ డ్రైవరు. నాలుగు పైపుల్నీ ఒకటిగా కలిపి, ఒకే సైలెన్సర్‌తో స్టెయిన్‌లెస్ స్టీల్లో చేసి ఇవ్వమన్నాడు.

పాతవి ఊడదీయడమే పెద్ద పని. ఇంజన్ పైభాగమైన హెడ్డుకి, పైపుల్ని నట్లతో బిగించే స్టడ్లు (మరమేకులు) ఎనిమిది. హెడ్డు అల్యూమినియం, స్టడ్లు స్టీలు, యాభై ఏళ్ళుగా కలిసి తుప్పుపట్టి ఉన్నాయి. మూడు రోజులు ఆయిల్ పోసి నానబెట్టి, చుట్టూ అల్యూమినియాన్ని వేడిచేశాం. అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు కాస్త వదులుతుంది. నట్టును ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేయాలి. ఏడు వచ్చాయి. ఒకటి విరిగింది, దాన్ని నడిమధ్యలో డ్రిల్ చేసి తీయడానికి ఒక పూట పట్టింది.

తర్వాత కొలతలు. నాలుగు పైపుల పొడవూ సమానంగా ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి పైపులో పరుగెడుతుంది. నాలుగూ కలిసే కలెక్టర్ దగ్గర వెడల్పు ఒక్కసారిగా పెరగడంతో, అక్కణ్ణుంచి పీల్చే గుణమున్న అల వెనక్కి తిరిగి వస్తుంది. గాలి వచ్చే వాల్వూ, పొగ పోయే వాల్వూ రెండూ కాస్త తెరిచి ఉన్న క్షణంలో అది సిలిండరుకి చేరితే, మిగిలిపోయిన పొగను బయటికి లాగి కొత్త గాలికి దారి ఇస్తుంది. పైపుల పొడవులు తేడాగా ఉంటే ఒక్కో సిలిండరుకి ఆ సాయం ఒక్కో వేగం దగ్గర అందుతుంది. 1971లో రేసు బళ్ళు తయారుచేసే పాప్స్ యోషిమురా హోండా సీబీ750కి చేతితో చేసిన ఫోర్ ఇన్‌టు వన్ పైపు గురించి షెడ్డులో పెద్దాయన చెప్పేవాడు. జపాన్‌లో పుట్టిన యోషిమురా కూడా పని వెతుక్కుంటూ సముద్రం దాటి అమెరికాలో షాపు పెట్టుకున్నాడని తెలిశాక ఆ పైపు మీద నాకు ఇంకో రకం ప్రేమ పుట్టింది.

ఒకే పొడవు వెల్డింగ్ తీగలు నాలుగు కత్తిరించి, హెడ్డులో పొగ బయటికొచ్చే రంధ్రం, అంటే పోర్టు నుంచి కలెక్టర్ దాకా వంచి చూసుకున్నాం. చివరి సిలిండర్ల దారి సహజంగానే పొడవు. మధ్య రెండింటి దారి పొట్టి, వాటిని కావాలనే మెలికలు తిప్పాలి. ఆ మెలికలు ముందు చక్రానికి తగలకూడదు, ఆయిల్ ఫిల్టర్ విప్పడానికి అడ్డురాకూడదు, మలుపులో బండి వాలితే రోడ్డుకి రాసుకోకూడదు. నా మట్టుకు ఈ పనిలో తెలివి వాడాల్సింది ఇక్కడే. జాయింట్ల మధ్య వెలుతురు కనబడకుండా ఫైలు పట్టి, బండి మీదే ట్యాకులు, అంటే పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డులు, వేశాను.

పైపు గోడ మందం 1.2 మిల్లీమీటర్లు. గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదులుతూ చేసే వెల్డింగ్ నేర్చుకున్నాను కానీ ఇంత పల్చటి స్టెయిన్‌లెస్ నాకు కొత్త. రెండు రోజులు కష్టపడి మొదటి పైపు పూర్తిచేశాను. పైన పేర్చిన నాణేల్లా ఒకే తీరుగా వచ్చింది వెల్డు. పెద్దాయన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు, బాగుందన్నాడు. తర్వాత వైసులో బిగించి రంపంతో నిలువునా కోసేశాడు.

లోపల నల్లగా, గరుకుగా, మాడిన పంచదారలా ఉంది.

"పొగ వెళ్ళేది ఈ వైపు నుంచే కదా," అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. రూములో మా కుర్రాడు, "అన్నా, బయట అంత బాగొచ్చాక లోపల ఎవడు చూస్తాడన్నా?" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడని తెలుసు. కానీ నేను చూశాను కదా. కార్బన్ స్టీల్లో ఇన్నేళ్ళు చేసినా వెనక వైపు గ్యాస్ పెట్టాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం ఉంటుంది. ఎర్రగా కాలిన ఆ లోహానికి వెనక నుంచి గాలి తగిలితే ఇలాగే మాడి గడ్డకడుతుంది. అక్కడ తుప్పు పడుతుంది, వణుకుకి పగులు కూడా అక్కణ్ణుంచే మొదలవుతుంది.

పొద్దున్నే పెద్దాయనే నేర్పించాడు. పైపు రెండు చివరలూ అల్యూమినియం టేపుతో మూసి, కింది చివర నుంచి ఆర్గాన్ సన్నగా వదలాలి. పై చివర చిన్న రంధ్రం ఉంచాలి. ఆర్గాన్ గాలి కంటే బరువు కాబట్టి అడుగు నుంచి నిండుతూ గాలిని పైకి తోసేస్తుంది. తొందరపడి ముందే ఆర్క్ కొట్టకూడదు. స్టెయిన్‌లెస్ వేడికి మామూలు స్టీలు కంటే సుమారు 40 శాతం ఎక్కువ సాగుతుంది, అందుకని ఒకే వైపు లాగించకుండా ఎదురెదురుగా చిన్న చిన్న ముక్కలు వేస్తూ చల్లారనివ్వాలి. ఆ పద్ధతిలో చేసిన మొదటి జాయింటును నేనే టార్చి లైటు పెట్టి చూశాను. లోపల వెండిలాంటి సన్నటి గీత.

కలెక్టర్‌ని గట్టిగా వెల్డ్ చేయలేదు. పైపుల్ని దాంట్లోకి దూర్చి స్ప్రింగులతో కట్టాం. సైలెన్సర్‌ని రబ్బరు బుష్ మీద వేలాడదీశాం, ఇంజన్ వణుకు నేరుగా వెల్డు మీద పడకూడదని. సైలెన్సర్ లోపల చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్‌వూల్. ఖాళీ గొట్టం పెట్టి ఊరంతా అదరగొట్టే చప్పుడు నాకు నచ్చదు, అది బలమూ కాదు. బండి యజమానికీ నచ్చదు.

స్టార్ట్ చేసిన రోజు యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఫట్ ఫట్‌మంది. నా వెల్డే ఎక్కడో పోయిందనుకుని చెమటలు పట్టాయి. ఇంజన్ చల్లారాక వెనక నుంచి గాలి ఊది, ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్ళు రాశాను. వెల్డులన్నీ బాగానే ఉన్నాయి. రెండో సిలిండర్ పోర్టు దగ్గర బుడగలొచ్చాయి. విప్పి చూస్తే పొగ కారకుండా వేసే పాత గ్యాస్కెట్ రింగు లోపలే ఉంది. మసిపట్టి, నలిగి, హెడ్డులో భాగమేనన్నట్టు అతుక్కుపోయింది. దాని మీదే కొత్తది వేసేశాం, అందుకే పైపు నిటారుగా కూర్చోలేదు. సూదిమొనతో ఆ పాత రింగు పీకాక ఫట్‌ఫట్‌లు ఆగాయి. పొగ దారి సులువైంది కాబట్టి కార్బురేటర్లలో పెట్రోలు వదిలే మెయిన్ జెట్లు కాస్త పెద్దవి వేసి, పాళ్ళు కుదిరాయనడానికి గుర్తుగా ప్లగ్గులు లేత గోధుమ రంగుకి వచ్చేదాకా తిప్పి చూశాం.

నెల తర్వాత బండి చూపించడానికి తెచ్చాడు యజమాని. స్టెయిన్‌లెస్ వేడికి రంగు తిరుగుతుంది. మూడు పైపులు లేత బంగారు రంగులో ఉన్నాయి, మూడో సిలిండరుది మాత్రం ముదురు నీలం. ఆ సిలిండరుకి పెట్రోలు తక్కువ అందుతోందన్నమాట. కార్బురేటర్ విప్పితే, తక్కువ వేగంలో పెట్రోలు అందించే పైలట్ జెట్‌లో మట్టి రేణువు. శుభ్రం చేసి బిగించాను.

"ఆ నీలం పాలిష్ పట్టి తీసేయనా?" అని అడిగాను.

ఆయన కిందికి వంగి, వేలితో ఆ పైపు వంపు మీద ఒకసారి రాసి చూశాడు. వద్దు, ఉండనీ అన్నాడు.