డాక్టర్ గ్రెగరీ నాన్న

"నువ్వు అచ్చం డాక్టర్ గ్రెగరీవి నాన్నా" అంది మా అమ్మాయి, కారు దిగకుండానే. డాక్టర్ అన్న మాట చెవిన పడితే తెలుగు తండ్రికి ఒళ్ళెలా పులకరిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పొగిడిందనే అనుకున్నాను. ఇంటికొచ్చి వెతికాక తెలిసింది, తిట్టిందని.

జరిగింది చిన్న విషయం. తను ఇక్కడ ఇంగ్లండులో, మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్స్‌లో మ్యాథ్స్, ఎకనామిక్స్‌తో పాటు పాలిటిక్స్ తీసుకుంది. తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్తూ, "మ్యాథ్స్, ఎకనామిక్స్ అని చెప్పు తల్లీ, చాలు. పాలిటిక్స్ సంగతెందుకు, ఊరికే వాదనలు" అన్నాను. అబద్ధం చెప్పమనలేదు కదా, ఒకటి తగ్గించి చెప్పమన్నానంతే. తను లోపలికి రానంది. రెండేళ్ళ కిందట వాళ్ళన్నయ్య ఫిలాసఫీ చదువుతానన్నప్పుడు, "వాడిది లోతైన బుర్రండీ" అని అదే ఇంట్లో, అదే సోఫాలో కూర్చుని చెప్పింది నేనే. ఆ మాట తను గుర్తు చెయ్యలేదు. చేసుంటే బాగుండేది.

ఈ జాన్ గ్రెగరీ ఎడిన్‌బరోలో వైద్యం పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. భార్య పోయింది, తన ఆరోగ్యమూ అంతంతమాత్రం. తానూ పోతే ఆడపిల్లలకి మంచీచెడ్డా చెప్పే దిక్కుండదన్న బెంగతో వాళ్ళకోసం కొన్ని ఉత్తరాలు రాసిపెట్టుకున్నాడు. 1773లో ఆయన పోయాక, మరుసటేడు కొడుకు వాటిని 'ఎ ఫాదర్స్ లెగసీ టు హిజ్ డాటర్స్' పేరుతో అచ్చు వేయించాడు. అందులో ఉన్న సలహా ఇదీ: మీకు తెలివుందని బయటపడనివ్వడంలో జాగ్రత్త, మిగతావాళ్ళకన్నా గొప్పనుకుంటున్నారని అపార్థం చేసుకుంటారు, ఒకవేళ చదువే ఉంటే దాన్ని గుట్టుగా దాచుకోండి, ముఖ్యంగా మగవాళ్ళ దగ్గర. డాన్సు చెయ్యండి కానీ ఆ హుషారులో ఒళ్ళు మరిచిపోకండి.

చెడ్డ తండ్రి అనుకుంటే పొరపాటు. పెళ్ళయితే తప్ప సుఖం లేదనుకునే ఆడదాన్ని మించి చులకనయ్యేది లేదని రాసింది కూడా ఆయనే. మా వాట్సాప్ గ్రూపుల్లో ఇవాళ ఆ మాట అనే మగవాడు ఎంతమంది ఉంటారు? పిల్లల మీద ప్రేమతో, లోకం మీద భయంతో చెప్పాడు. ఆ ప్రేమకీ భయానికీ మధ్య ఏదో ఒకచోట ఆడపిల్ల చదువు దాచుకోవాల్సిన వస్తువైపోయింది.

దీనికి జవాబు రాసినావిడ ఇంగ్లీషు రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్. పుస్తకం 'ఎ విండికేషన్ ఆఫ్ ద రైట్స్ ఆఫ్ ఉమన్', 1792. విప్లవం వచ్చిన ఫ్రాన్సులో తాలేరాన్ అనే నాయకుడు 1791లో జాతీయ విద్యా పథకం ఒకటి జాతీయ సభ ముందు పెట్టాడు. మనుషులంతా సమానమన్న ఆ సభలోనే ఆడపిల్లలకి ఎనిమిదేళ్ళ దాకా బడి, ఆ తర్వాత ఇల్లు అన్నాడు. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ తన పుస్తకాన్ని సరిగ్గా ఆయనకే అంకితమిచ్చింది. అంకితమంటే దండ వెయ్యడం కాదు, పట్టుకుని నిలదియ్యడం. మీ కొత్త రాజ్యాంగంలో ఆడవాళ్ళకి చోటు లేకపోవడానికి కారణం చూపించండి, చూపించలేకపోతే మీరూ పాత నియంతల్లాంటివాళ్ళే అని మొదట్లోనే అనేసింది.

మా అమ్మాయి పరీక్షల బోర్డు ఎడెక్సెల్ సిలబస్‌లో ఈవిడ ఫెమినిజం పాఠంలో కనిపించదు. లిబరలిజం పాఠంలో లాక్, మిల్, రాల్స్, ఫ్రీడన్ అనే ఆలోచనాపరుల పక్కన ఉంటుంది. మొదట వింతగా అనిపించింది కానీ, ఆ లెక్కకి అర్థముంది. ఆవిడ వాదన ఆడతనం గొప్పదని మొదలవదు. మనిషిని జంతువు నుంచి వేరు చేసేది వివేకం అని మొదలవుతుంది. ఆలోచించి ఎంచుకున్న మంచే మంచి. చెప్పినట్టు వినడం వల్ల వచ్చిన మంచి అలవాటే తప్ప గుణం కాదు. ఆడదానికీ ఆత్మ ఉందని మీ మతమే ఒప్పుకుంటోంది కదా, మరి ఆలోచించనివ్వకుండా గుణవంతురాలిగా ఉండమంటే ఎలా? మగవాడికొక ధర్మం, ఆడదానికొక ధర్మం అన్న తత్వవేత్త రూసోని ఆవిడ ఇక్కడే పట్టుకుంది. 1762లో 'ఎమిలీ' అని పిల్లల పెంపకం మీద అంత పెద్ద పుస్తకం రాసిన ఆ మహానుభావుడు తన ఐదుగురు పిల్లల్నీ అనాథాశ్రమంలో వదిలేశాడు. ఆయనతో పోలిస్తే నేను నయమని కాసేపు ఊరట పడ్డాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది రెండో అధ్యాయంలో సైనికాధికారుల ముచ్చట. ఆడవాళ్ళకి సోకులెక్కువ, పైపై మాటలెక్కువ, లోతు తక్కువ అంటారు కదా, సరే, సైన్యంలో ఆఫీసర్లని చూడండి అంటుంది. బుర్రలోకి చదువు ఎక్కకముందే లోకంలోకి పంపిస్తారు. తెలిసిందంతా పదిమంది మాటల్లో ఏరుకున్నదే. నీతికన్నా ముందు మర్యాదలు నేర్చుకుంటారు. పైవాడి ఆజ్ఞకి ఎదురు చెప్పరు. చివరికి వాళ్ళూ బట్టల మీద మోజు, డాన్సులు, సరసాలు, వెక్కిరింతలతోనే కాలక్షేపం చేస్తారు. మీసాలున్న మగవాళ్ళు! పెంపకం ఒకటైనప్పుడు గుణమూ ఒకటే అయింది, ఇందులో ఆడామగా తేడా ఎక్కడుంది? 'ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరక్క చెడ్డాడు' అని సామెతలు కట్టుకున్న మనం ఈ ఒక్క పేజీ దగ్గర ఆగితే చాలు.

పిల్లలతో కలిసి ఈ పుస్తకం చదవాలనుకునేవాళ్ళకి ఒక మాట. పదమూడు అధ్యాయాలున్నాయి, మొదటి పేజీ నుంచి మాత్రం మొదలుపెట్టకండి. ఆరు వారాల్లో రాసేసిందని ఆవిడ భర్త గాడ్విన్ తర్వాత చెప్పాడు. ఆ తొందర కనిపిస్తూనే ఉంటుంది, ఒక్కో వాక్యం అరపేజీ పాకుతుంది. ముందు తాలేరాన్‌కి రాసిన అంకితం. తర్వాత సైనికాధికారుల కోసం రెండో అధ్యాయం, ఆపైన ఐదో అధ్యాయంలో గ్రెగరీ మీద రాసిన భాగం. ఆ మీదట బడి పథకమున్న పన్నెండో అధ్యాయం. తొమ్మిదోది చివర్లో పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళు నర్సులే కాదు డాక్టర్లూ కావచ్చు, రకరకాల వ్యాపారాలు చెయ్యొచ్చు అన్నది అక్కడే. పార్లమెంటులో ఆడవాళ్ళకీ ప్రతినిధులుండాలన్న సూచనా అక్కడే ఉంది, అదీ 'నవ్వుతారేమో' అంటూ జంకుతూ చేసింది. ఆవిడ ఓటు హక్కు కోసం ఉద్యమం నడిపిందని పిల్లలు పరీక్షలో రాస్తుంటారు. అది తప్పు.

ఇంకో ఇబ్బంది మాటలతో. 'సెన్సిబిలిటీ' కనబడగానే పిల్లలు ఇంగితం అనుకుంటారు. ఆ రోజుల్లో దాని అర్థం తిరగబడి ఉంటుంది: ప్రతిదానికీ చలించిపోవడం, కన్నీళ్ళు పెట్టుకోవడం. ఈ ఒక్క మాట తప్పుగా పట్టుకుంటే నాలుగో అధ్యాయం మొత్తం తలకిందులవుతుంది. నాకూ అయింది. మా అమ్మాయి సరిచేసింది, కొంచెం జాలిగానే. 'ఆడవాళ్ళకి మగవాళ్ళ మీద అధికారం ఉండాలని కాదు నా కోరిక, తమ మీద తమకి ఉండాలని' అన్న మాట ఆ నాలుగో అధ్యాయంలోదే.

పన్నెండో అధ్యాయంలోని బడి చూస్తే ముచ్చటేస్తుంది. ఐదేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ దాకా ప్రభుత్వ బడి, ఫీజు లేదు. ఆడా మగా, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే గదిలో, ఒకే రకం బట్టల్లో. చుట్టూ ఆటలకి పెద్ద ఖాళీ స్థలం, ఎందుకంటే ఆ వయసు పిల్లల్ని గంటకి మించి ఒకచోట కూర్చోబెట్టకూడదు. చదవడం, రాయడం, లెక్కలు. మొక్కలు, యంత్రాలు, నక్షత్రాలు. చిన్న చిన్న ప్రయోగాలు. చరిత్ర, రాజకీయం, మతం మాత్రం ప్రశ్నా జవాబుగా, మాటల్లో. అంటే 1792లో ఐదేళ్ళ ఆడపిల్లకి పాలిటిక్స్. పదిహేడేళ్ళ పిల్లని ఆ సోఫాలో కూర్చున్నాక ఆ మాట ఎత్తొద్దన్నాను నేను.

తొమ్మిదేళ్ళు దాటాక మాత్రం బండి కుంటుతుంది. ఇంటిపనికీ చేతిపనికీ పోయే పిల్లలు వేరే బడికి వెళ్తారు. పొద్దున అందరూ కలిసే చదువుతారు, మధ్యాహ్నం ఆడపిల్లలు కుట్టుపనికి. తెలివో డబ్బో ఉన్నవాళ్ళకి భాషలు, శాస్త్రాలు. ఆడామగా గోడ పడగొట్టిన మనిషి ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య గోడ దగ్గర ఆగిపోయింది. మా అమ్మాయి దీని మీద నిప్పులు చెరిగింది. నేను ఆవిడ తరఫున వాదించాను, కాలం అలాంటిదని. 'కాలం అలాంటిది' అన్న మాట గ్రెగరీకీ సరిపోతుంది కదా అని తను అడిగింది. జవాబు తోచక టీ పెట్టడానికి లేచాను.

అసలు నన్ను తొలుస్తున్నది వేరు. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ రెండు వాదాలు కలిపి చేసింది. ఒకటి, ఆమె మనిషి కాబట్టి చదవాలి. రెండోది, చదివితే మంచి తల్లి, మంచి సహచరి అవుతుంది, దేశానికి లాభం. మొదటిది ఒప్పుకోవడం కష్టం, రెండోది అందరికీ తేలిగ్గా దిగుతుంది. అందుకే ఎక్కడ చూసినా రెండోదే ముందు నెగ్గింది. వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, ఎదిరించినవాళ్ళతో పత్రికల్లో పోట్లాడారు. ఆ ధైర్యానికి చెయ్యెత్తి మొక్కాల్సిందే. అయినా ఆడవాళ్ళ కోసం 1883లో ఆయన తెచ్చిన పత్రిక పేరు చూడండి: సతీహితబోధిని. చదువుకునేది సతి.

మా ఆవిడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పెళ్ళిచూపుల్లో మా అమ్మ ఆ డిగ్రీని మెచ్చుకుంటూ, "పిల్లలకి చదువు చెప్పుకుంటుంది" అంది. చెప్పుకుంది కూడా. పీరియాడిక్ టేబుల్ మా ఫ్రిజ్ తలుపు మీద ఆరేళ్ళుంది. అంతకు మించి ఆ డిగ్రీ ఎక్కడికీ పోలేదు. వీసా, పిల్లలు, నా ఉద్యోగం అని కారణాలు నా దగ్గర వరసగా ఉన్నాయి, అన్నీ నిజాలే.

రెండో వాదం మీద ఎక్కువ ఆనుకోకుండా రాసిన తెలుగావిడ ఒకరున్నారు, భండారు అచ్చమాంబ. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు, ఆరేళ్ళకే పెళ్ళి. భర్త ఉద్యోగం మధ్య పరగణాల్లో. ఇప్పటి మాటల్లో ప్రవాసాంధ్రురాలే. బడి ముఖం చూడలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ పట్టుబడేలా చేసుకున్నారు. 1901లో వచ్చిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో ఆవిడ చేసింది వాదన కన్నా సాక్ష్యాలు పోగు చెయ్యడం. ఆడవాళ్ళు బలహీనులు, బుద్ధిలేనివాళ్ళు అంటున్నారు, సరే ఇదిగో వీళ్ళ జీవితాలు చూడండి అని. చదువొస్తే ఆడది చెడిపోతుందన్నవాళ్ళకీ అదే జవాబు. అబలలు కారని నిరూపించే పుస్తకానికి పేరులో 'అబల' ఉండటం చిన్న వింత. 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు, 1905లో పోయారు. ముప్ఫై ఏళ్ళు.

లండన్ దగ్గరకే తిరిగొస్తే, ఎమిలీ డేవిస్ అని ఒకావిడ 1869లో ఐదుగురు అమ్మాయిలతో హిచిన్‌లో కాలేజీ మొదలుపెట్టింది. అదే తర్వాత కేంబ్రిడ్జిలో గర్టన్ కాలేజీ. ఆడవాళ్ళకి విడిగా, వాళ్ళకి తగిన పరీక్ష పెడదామని మంచి మనసుతోనే చాలామంది అన్నారు. వద్దంది. మగవాళ్ళు రాసే పరీక్షే, అదే గడువులో రాస్తామంది. వేరే పరీక్ష పెడితే ఎంత బాగా రాసినా 'వాళ్ళ పరీక్షలో' అంటారని ఆవిడకి తెలుసు. అయినా కేంబ్రిడ్జి ఆడవాళ్ళకి పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో. మా ఇళ్ళల్లో దేవుడి పటం పక్కన పెట్టుకునే కేంబ్రిడ్జి అదే.

వుల్‌స్టన్‌క్రాఫ్ట్ బతుకు సంగతి అమ్మాయికి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. పెళ్ళి కాకుండా ఒక బిడ్డ, ప్రియుడు వదిలేస్తే రెండుసార్లు చావబోవడం, 1797లో రెండో కాన్పయిన పది రోజులకే చనిపోవడం. మరుసటేడు గాడ్విన్ ప్రేమతోనే ఇవన్నీ దాచకుండా రాసేశాడు. జనం వాదనని పక్కనపెట్టి బతుకుని పట్టుకున్నారు. దశాబ్దాల పాటు ఆవిడ పేరెత్తడానికే మర్యాదస్తులు భయపడ్డారు. ఇదంతా దాచాలనుకోవడం మళ్ళీ గ్రెగరీ పనే అని నాకే తట్టింది, కాస్త ఆలస్యంగా. తనకి ఆ కథంతా అప్పటికే తెలుసు. దాచిన ఫలితం నాకే దక్కింది.

నిన్న తన పుస్తకం తీసి పదకొండో అధ్యాయం చదివాను. చిన్నది, పేరు 'తల్లిదండ్రుల పట్ల బాధ్యత'. పసితనంలో చూసుకున్నవాళ్ళకి ముసలితనంలో చూడమని అడిగే హక్కుంది, కానీ ఎదిగిన మనిషిని ఇంకొకరి ఇష్టానికి లొంగదీయడం క్రూరమైన అధికారం అని ఉంది. ఆడపిల్లలు ఏ దేశంలోనైనా తల్లిదండ్రుల చెప్పుచేతల్లో మరీ ఎక్కువగా ఉంటారనీ ఉంది. ఆ వాక్యం పక్కన పెన్సిలుతో సన్నటి గీత ఉంది. వ్యాఖ్య లేదు, ప్రశ్నార్థకం కూడా లేదు. గ్రెగరీ మీద భాగం మొదట్లో మాత్రం, ఆయన పితృవాత్సల్యం చూసి గౌరవంతో విమర్శకి దిగుతున్నానని వుల్‌స్టన్‌క్రాఫ్ట్ అన్నచోట, రెండు గీతలున్నాయి.

వచ్చే శనివారం వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. ఏం చదువుతోందని మళ్ళీ అడుగుతారు. ఈసారి నేనే ముందుగా, గట్టిగా, "పాలిటిక్స్" అని చెప్పేద్దామని అనుకున్నాను. మా ఆవిడతో అంటే, "అడిగేది దాన్ని కదా, మీరెందుకు చెప్పడం?" అంది.