పడమట పొడిచిన పొద్దు

కిటికీ సీటుకని అదనంగా మూడు వేల పైచిలుకు కట్టాం. "ఎందుకమ్మా దండగ, కళ్లు మూసుకుంటే అయిపోతుంది" అని అమెరికాలోని డెన్వర్ నుంచి మా అమ్మాయి అంటూనే ఉంది. నేనే పట్టుబట్టాను. తీరా ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండో విమానం ఎక్కి భోజనాలు అయ్యాక, ఎయిర్‌హోస్టెస్ వచ్చి షట్టర్లు దించేయమంది. పట్టపగలు! అందరూ పడుకోవాలట. ఒళ్లు మండిపోయింది. మరి కిటికీకని డబ్బెందుకు తీసుకున్నట్టు? పైగా అంతకుముందే ఎయిర్‌పోర్టులో మంచినీళ్ల సీసాకి నాలుగు యూరోలు పెట్టి ఉన్నాను. మన లెక్కలో దాదాపు నాలుగు వందలు.

శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా చెప్పుకోవడానికి ఏమీ లేదు. చీకట్లో మోకాళ్లు ముడుచుకుని తొమ్మిది గంటలకు పైగా కూర్చున్నాను, అంతే.

షట్టర్ దించాను గాని, అడుగున నాలుగు వేళ్ల సందు వదిలాను. తల వంచితే బయట కనిపిస్తుంది. వాచీ ఇంకా మన టైములోనే ఉంది. రాత్రి ఎనిమిదైంది, తొమ్మిదైంది, సూర్యుడు మాత్రం ఎడమవైపు రెక్క చివర అలాగే ఎర్రగా వేలాడుతున్నాడు. ఇంట్లో అయితే అది దీపం పెట్టే వేళ. పది నిమిషాలు ఉంటుంది, ఇలా అగ్గిపుల్ల గీసేలోపు అలా చీకటి పడిపోతుంది. ఇక్కడ ఆ వేళ గంటల తరబడి సాగింది. పది దాటాక గ్రీన్‌లాండ్ మీద మెల్లగా మునిగాడు. కింద మంచు కొండలన్నీ నీలంగా మారాయి, వాటి శిఖరాల మీద గులాబీ రంగు మిగిలింది. పక్కన అందరూ ముసుగుతన్ని నిద్రపోతున్నారు. లేపి చూపిద్దామని ఎంత అనిపించిందో!

పదకొండు కావస్తుండగా దిగంతం మళ్లీ ఎర్రబడింది. చూస్తుండగానే సూర్యుడు పైకొచ్చాడు. పడమట! సరిగ్గా చెప్పాలంటే నైరుతి మూల.

ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పాను. గ్లోబు తిప్పి చూపిస్తూ, శీతాకాలంలో ఆర్కిటిక్ వలయం దాటితే సూర్యుడు ఉదయించని రోజులుంటాయని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. "మీరు చూశారా టీచర్?" అని ఒకసారి వెనక బెంచీ పిల్లవాడు అడిగాడు. లేదన్నాను. ఇప్పుడు వాడు ఎదురుగా ఉంటే ఇలా చెప్పేదాన్ని: భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే. మా విమానం 900 దాకా పోతోంది, అదీ పడమరకి. అందుకే పొద్దు కదల్లేదు. మేం ఉత్తరానికి ఎక్కినకొద్దీ మునిగింది, దక్షిణానికి దిగినకొద్దీ తేలింది. పుస్తకంలో పేరాలన్నీ చెప్పాను గాని, ఈ రెండూ కలిస్తే ఇలా ఉంటుందని నాకూ తెలియదు. ఆ నాలుగు వేళ్ల సందులోంచి చూస్తూ చాలాసేపు కళ్లు తుడుచుకున్నాను.

డెన్వర్‌లో ఇమిగ్రేషన్ లైను, వీల్‌చైర్ కోసం ఎదురుచూపు, ఆవకాయ డబ్బా ఉన్న పెట్టె రావడం, అన్నీ అయి బయటికొచ్చేసరికి అయిదు. తెల్లటి గుడారాల్లాంటి ఎయిర్‌పోర్టు కప్పు వెనక, దూరంగా రాకీ పర్వతాలు నల్లగా బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక్కి సూర్యుడు అప్పటికే దిగిపోయాడు. మాకు ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో పొద్దు సముద్రంలోంచి వస్తుంది. ఇక్కడ కొండల్లోకి పోతుంది. ఒకే రోజులో రెండో అస్తమయం.

ఇంటికి చేరేసరికి ఆరు దాటింది. కాళ్లు కడుక్కుని, అమ్మాయి పూజగూట్లో దీపం వెలిగించి, కొత్తపట్నంలో అక్కకి ఫోన్ చేశాను. అక్కడ మర్నాడు ఉదయం ఆరున్నర దాటి ఉంటుంది. ధనుర్మాసం కదా, ముగ్గు పూర్తిచేసి గొబ్బెమ్మలు పెడుతోందట.

"అక్కా, ఇవాళ నేను పొద్దు పడమట పొడవడం చూశానే."

కాసేపు ఏమీ అనలేదు. సముద్రపు హోరు వినిపిస్తోంది.

"నిజమా? ఉండు, ఇక్కడ ఇప్పుడే పైకొస్తున్నాడు" అంది.