పద్దెనిమిది అడుగుల హాల్లో రెండు బాకాలు

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి ముందు హాలు పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉంటుంది. నాలుగేళ్ల కిందట, మూతపడిన ఒక సినిమా హాలు సామాను అమ్మకానికి వచ్చినప్పుడు, తెర వెనుక ఉండే స్పీకర్లలో రెండింటిని కొని తెచ్చి ఈ హాల్లో పెట్టాను. ఒక్కొక్కటి మంద్ర స్వరాలు పలికే పదిహేను అంగుళాల ఊఫర్ ఉన్న పెట్టె; దాని నెత్తిన పోత అల్యూమినియం బాకా, బాకా వెనుక దానికి శబ్దం అందించే, అరచేతిలో పట్టేంత యూనిట్. పెట్టెల అడుగున చెద తిన్న పలకలను మార్చడానికి వచ్చిన వడ్రంగి ఆ బాకాల వంక కాసేపు చూసి, "మాస్టారూ, ఇవి రామాలయానికా, ఇంట్లోకా?" అని అడిగాడు. ఇంట్లోకే అన్నాను. పక్కింటివారి మీద జాలి కలిగింది కాబోలు, ఇంకేమీ మాట్లాడలేదు.

బాకా అనగానే మనకు పెళ్లి పందిరి గుంజకు కట్టిన మైకు గుర్తుకు వస్తుంది కాబట్టి అతని సందేహం సహజమే. అయితే నేను వీటిని తెచ్చుకున్నది గట్టిగా వినడానికి కాదు, రాత్రిపూట మెల్లగా వినడానికి. యూనిట్ లోపల కంపించి శబ్దం పుట్టించే పలచని పొర, అంటే డయాఫ్రం, ఒంటరిగా కదిలితే, తేలికైన గాలి దానికి ఎదురు నిలవదు గనుక, దాని శ్రమలో అధిక భాగం వృథాగా పోతుంది. సన్నని గొంతుతో మొదలై క్రమంగా విచ్చుకునే బాకా ఆ డయాఫ్రానికి తగినంత ఎదురుబలాన్ని ఇచ్చి, దాని కదలికను గదిలోని గాలికి అప్పగిస్తుంది. మామూలు పెట్టె స్పీకరు తనకు అందిన విద్యుత్తులో నూటికి ఒక వంతు అటూ ఇటూగా మాత్రమే శబ్దంగా మారుస్తుంది. మంచి బాకా నూటికి పది వంతులకు పైగా మారుస్తుంది. అందువల్ల డయాఫ్రం కదలవలసిన దూరం చాలా తక్కువ, ఆ మేరకు శబ్దంలో వచ్చే వికారమూ తక్కువే. నా కుర్చీ దగ్గర హాయిగా వినిపించడానికి పదో వంతు వాటు కూడా ఖర్చు కాదు. వీణ తీగను మీటిన క్షణంలో వినిపించే ఆ చిన్న గోటి స్పర్శ అంత తక్కువ శబ్దంలోనూ చెక్కుచెదరకుండా వస్తుంది. నా పాత స్పీకర్లలో అది వినిపించాలంటే వీధంతా వినిపించాల్సి వచ్చేది.

మొదటి నెలలోనే నా అజాగ్రత్త వల్ల కుడివైపు యూనిట్ పోయింది. ఊఫర్‌కు ఒకటి, బాకాకు ఒకటి చొప్పున ఆంప్లిఫయర్లు వేరుగా పెట్టి, 800 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని విడదీసి కిందిది ఊఫర్ వైపు, పైది బాకా వైపు పంపే ఎలక్ట్రానిక్ క్రాసోవర్‌ను వాటికి ముందు ఉంచాను. అంటే ఆంప్లిఫయర్ తీగ నేరుగా యూనిట్‌కే వెళుతుంది. మధ్యలో కాపలా ఏదీ లేదు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. 'టప్' మన్న ఒక్క చప్పుడుతో డయాఫ్రం పోయింది. కొత్త డయాఫ్రం వేయించాక, యూనిట్‌కు ముందు 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను వరుసలో కలిపాను. 8 ఓముల నా యూనిట్ విషయంలో అది సుమారు 200 హెర్ట్జ్ కింద శబ్దాన్ని తగ్గిస్తూ పోతుంది, డీసీని పూర్తిగా ఆపుతుంది, 800 దగ్గర మాత్రం పెద్దగా జోక్యం చేసుకోదు. దీనికి ఖరీదైన ఆడియో కెపాసిటరే కావాలన్న నియమం లేదు. ఏసీ కంప్రెసర్లకు వేసే 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు రెండింటిని పక్కపక్కన (సమాంతరంగా) కలిపితే సరిపోయింది. అవి ప్లస్, మైనస్ భేదం లేనివి; మన ఎండలకు అలవాటు పడినవి కూడా.

తరువాతి పని బాకా జోరు తగ్గించడం. నా ఊఫర్ ఒక వాటుకు మీటరు దూరంలో 97 డెసిబెల్స్ ఇస్తే, బాకా 107 ఇస్తుంది. ఈ పది డెసిబెల్స్ తేడాను క్రాసోవర్‌లోని మీటతోనే తగ్గించవచ్చు గాని, అలా చేస్తే ఆంప్లిఫయర్‌లో సహజంగా ఉండే 'స్‌స్' మనే సన్నని రొద తగ్గదు. అంత చురుకైన యూనిట్ దాన్ని కూడా శ్రద్ధగా వినిపిస్తుంది. ఆంప్లిఫయర్‌కూ యూనిట్‌కూ మధ్య రెసిస్టర్లు పెడితే పాటతో పాటు రొద కూడా పది డెసిబెల్స్ దిగుతుంది. లెక్క ప్రకారం 8 ఓముల యూనిట్‌కు వరుసలో సుమారు 5.5 ఓములు, యూనిట్‌కు అడ్డంగా 3.7 ఓములు కావాలి. గవర్నర్‌పేట దుకాణంలో దొరికిన 5.6, 3.9 ఓముల సిమెంటు రెసిస్టర్లతో 9.9 డెసిబెల్స్ తగ్గింది, అంతకంటే దగ్గరగా రావలసిన అవసరం లేదు.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టినదీ, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చినదీ బాకాను ముందుకూ వెనక్కూ జరపడం. బాకా మూతిని పెట్టె ముఖానికి సమంగా పెడితే చూపుకు బాగుంటుంది. కాని డయాఫ్రం బాకా వెనుక చివర ఉంటుంది కాబట్టి, మా వాటిలో అది ఊఫర్ లోపల దాన్ని కదిలించే తీగచుట్ట (కాయిల్) కంటే దాదాపు 30 సెంటీమీటర్లు వెనుకబడింది. మన వేడిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. కనుక బాకా శబ్దం 0.86 మిల్లీసెకన్లు ఆలస్యంగా బయలుదేరినట్టు. 800 హెర్ట్జ్ దగ్గర ఒక అల పొడవు 44 సెంటీమీటర్లే అయినప్పుడు ఈ 30 తక్కువేమీ కాదు. రెండూ కలిసి పాడవలసిన చోట ఒకదాని మాట ఒకటి కొట్టేస్తాయి. డిజిటల్ క్రాసోవర్ ఉన్నవారు ఊఫర్‌ను అంతసేపు ఆపితే చాలు. నాది పాత పద్ధతిది కాబట్టి బాకానే జరపవలసి వచ్చింది.

ఒక వైపు బాకా తీగలను తలకిందులుగా కలిపి, 800 హెర్ట్జ్ స్వరం ఒక్కటే ఆ వైపు నుంచి వినిపిస్తూ, నేను కుర్చీలో కూర్చున్నాను. మా అబ్బాయి స్టూలెక్కి బాకాను వేలెడంత చొప్పున ముందుకు జరిపాడు. తీగలు తిరగబడి ఉన్నాయి కాబట్టి, రెండూ సరిగ్గా కలిసిన చోట స్వరం పెరగకూడదు, కుంగిపోవాలి. స్వరం పలచబడుతూ, పలచబడుతూ, ఒక చోట దాదాపు మాయమైంది. "నాన్నా, కరెంటు పోయిందా?" అన్నాడు. తల తిప్పితే మళ్లీ వినిపించింది. అక్కడే పెట్టె మీద పెన్సిలుతో గీత గీయించి, తీగలను యథాస్థితికి మార్చాను. బాకా మూతి పెట్టెను దాటి అడుగు మేర ముందుకు పొడుచుకు వచ్చి వికారంగానే ఉంది. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాటే అంటుంది, కాదనలేను.

బాకాను వేలి కణుపుతో కొడితే కంచం మోగినట్టు మోగేది. ఆటోనగర్‌లో కారు తలుపుల లోపల అంటించే తారు పట్టీలను కొని బయటివైపు రెండు పొరలు అంటించాక, కొడితే చెక్క చప్పుడు వస్తోంది. మొజాయిక్ నేల మీద జంపఖానా, ఎదుటి గోడకు పాత బొంత కట్టాను. గది కొలతల వల్ల దానంతటది మారుమోగే సొంత మోతలు 32, 48, 57 హెర్ట్జ్‌ల దగ్గర ఉన్నాయి. పెట్టెలను గోడకు అడుగున్నర ఇవతలికి లాగితే మృదంగం ఎడమవైపు గుమగుమ సగం సర్దుకుంది, మిగతా సగంతో రాజీ పడ్డాను. అమెరికా స్పీకర్ల రూపకర్త పాల్ క్లిప్ష్ 1940ల్లో తన బాస్ బాకాను గది మూలకు చేర్చి, రెండు గోడలనే బాకాకు కొనసాగింపుగా వాడుకున్న ఉపాయం నాకు ఎంతో ఇష్టం, కాని మా హాల్లో ఒక మూల తలుపుకే పోయింది. బాకాలను ఎంత లోపలికి తిప్పాలో దారం కట్టి చూశాను. రెండు దారాలూ నా ముక్కుకు అడుగున్నర ముందు కలిసేటట్టు తిప్పినప్పుడు గాయకుడు నడిమధ్యన స్థిరంగా నిలిచాడు.

చివరి సర్దుబాటుకు నేను మైక్రోఫోను, రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేరు వాడాను. అవి గీసిన గీత బాగానే ఉన్నా, తీర్పు మాత్రం తెలుగు మాటకే వదిలాను. 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం వార్తలు వింటూ పెరిగిన చెవులకు, వార్తలు చదివే గొంతు ఎలా ఉండాలో ఒకరు చెప్పనక్కరలేదు. ఒక స్పీకరు మాత్రమే ఉంచి వార్తలు వింటే, బాకా ఎక్కువైనప్పుడు 'స' చెవిలో గుచ్చుకుంటుంది, 'న', 'మ' జలుబు చేసినట్టు ముక్కులోంచి వస్తాయి. బాకా తక్కువైతే 'శ', 'ష' ఒకటే అయిపోతాయి. ఈ పరీక్షలో బాకాను ఇంకో డెసిబెల్‌న్నర తగ్గించాలని తేలింది. లెక్కలో సమంగా ఉన్నది మా గదిలో కొంచెం ఎక్కువగానే ఉన్నదన్నమాట.

వేసవిలో సీలింగ్ ఫ్యాను రొద కింద ఈ శ్రమలో సగం మునిగిపోతుంది. ఫ్యాను అక్కరలేని ధనుర్మాసం రాత్రులే నాకు అసలైన కాలం. పోయిన సంక్రాంతికి బూజులు దులిపినప్పుడు ఎవరో ఎడమ బాకాను అందంగా వెనక్కి నెట్టి, పెట్టె ముఖానికి సమంగా పెట్టారు. మూడు రోజులు పాట ఎందుకు బోలుగా ఉందో నాకు అంతుపట్టలేదు. నాలుగో రోజు పెన్సిలు గీత కనబడింది.