దురదే కదా అన్నారు

పాపకు మొన్ననే పదో నెల వచ్చింది. ఇది రాద్దామని ఇంతకుముందు రెండుసార్లు కూర్చుని, ఆ రాత్రి దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను.

కడుపుతో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా విన్న మాట 'మామూలే'. వేవిళ్లా, మామూలే. గుండెల్లో మంటా, మామూలే. అర్ధరాత్రి పిక్క పట్టేసి మంచం మీద లేచి కూర్చుంటే అదీ మామూలే. నిజానికి అవన్నీ మామూలువే. మంటకు తల కింద ఇంకో దిండు పెట్టుకుంటే కాస్త నయం. పిక్క పట్టినప్పుడు కాలివేళ్లను మనవైపు లాక్కుంటే వదిలేస్తుంది. అందుకే 32వ వారంలో అరికాళ్లు దురద పెట్టడం మొదలైనప్పుడు ఇదీ ఆ జాబితాలోదేనని నేనే అనుకున్నాను.

దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. పైకి చర్మం శుభ్రంగా ఉంది. దురద మాత్రం లోపలెక్కడో, గోరు అందని చోట ఉన్నట్టుండేది. పగలు పనిలో పడితే కొంత మరిచిపోయేదాన్ని. రాత్రి పదకొండు దాటిందా, మొదలు. ముందు అరికాళ్లు, తర్వాత అరచేతులు, వారం తిరిగేసరికి ఒళ్లంతా. గోళ్లు చాలక దువ్వెన, అదీ చాలక కాళ్లు రుద్దుకునే రాయి. పొద్దున లేచి చూస్తే దుప్పటి మీద సన్నగా నెత్తుటి గీతలు.

చెకప్‌లో చెప్పాను. చాలా పేరున్న డాక్టరు. బయట ఇంకా ఎంతమందో ఎదురుచూస్తున్నారు. ఆవిడ తలెత్తకుండానే, "పొట్ట సాగుతుంటే దురద రాదా అమ్మా? లోషన్ రాసుకో" అన్నారు. "పొట్ట కాదండీ, అరికాళ్లు" అన్నాను. "దురదే కదా, కాన్పయితే అదే పోతుంది" అని తర్వాతివాళ్లను పిలిచారు.

ఆ మాటలో అబద్ధం లేదు. కాన్పయితే అదే పోతుంది. కానీ అప్పటిదాకా లోపల బిడ్డ సంగతేమిటన్నది ఆవిడకు తట్టలేదు. నేనూ గట్టిగా అడగలేదు, ఆ కోపం నా మీద నాకుంది. లోషన్ మాత్రం రెండు సీసాలు అయిపోయింది.

34వ వారంలో ఒక రాత్రి. బాత్రూంలో స్టూలు వేసుకుని, బకెట్ నిండా చన్నీళ్లు పట్టి అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లలో ఉన్నంతసేపే శాంతి, బయటికి తీస్తే మళ్లీ మొదలు. గోడకు తల ఆనించి ఏడుస్తున్నాను. టైం రెండున్నర. మా ఆయన లేచి వచ్చి, నిద్రమత్తులో, "ఆ ఫోన్ చూడటం మానేస్తే నిద్ర పడుతుంది కదా" అన్నాడు. ఫోన్ నా చేతిలో లేదు. పక్కగదిలో ఛార్జింగ్‌లో ఉంది. ఆ బకెట్ ఆయన నెత్తిన కుమ్మరించలేదంటే పొట్ట అడ్డొచ్చింది గనకే.

ఆ కోపంలోనే ఇంకోటి తట్టింది. రోజూ ఆ వేళకు పాప తన్నేది. నేను మేలుకుని ఉంటానని తెలిసినట్టే. ఆ రాత్రి తన్నలేదు. ఎప్పటినుంచి తన్నలేదో గుర్తుకు రాలేదు. నా ధ్యాసంతా కాళ్ల మీదే ఉంది.

ఎడమపక్కకు తిరిగి పడుకుని పొట్ట మీద చెయ్యి వేశాను. ఆ అరచెయ్యి దురదతో మండిపోతోంది, అయినా తీయలేదు. పది నిమిషాలు. ఇరవై. నాకు దేవుడి దగ్గర పెద్ద చనువేమీ లేదు. కానీ ఆ ఇరవై నిమిషాలూ బేరాలాడాను. ఒక్క తన్ను తన్నించు, ఈ దురద జన్మంతా భరించమన్నా భరిస్తానన్నాను. మూడింటికి ఆసుపత్రికి బయల్దేరాం. దారిలో స్పీడ్ బ్రేకర్ దగ్గర కుదుపుకి పక్కటెముకల కింద చిన్నగా ఏదో జరిగింది. "కదిలింది" అన్నాను. ఆయన కారు పక్కకు ఆపి స్టీరింగ్ మీద తల పెట్టేశాడు. ఫోన్ మాటకు ఇంతవరకు సారీ చెప్పలేదు గానీ, ఆ తర్వాత కాన్పు దాకా ప్రతి రాత్రీ ఆ బకెట్ నింపింది తనే.

కదిలింది కదా, వెనక్కి పోదామా అని కూడా అనుకున్నాం. పోలేదు.

నైట్ డ్యూటీలో నాకంటే చిన్న వయసు డాక్టరమ్మాయి ఉంది. ముందు పాప గుండె చప్పుడు వినిపించింది. తర్వాత నా చెప్పులు విప్పించి, టార్చి వేసి అరికాళ్లు చూసింది. "గీరాకే కదా ఈ గాట్లు పడ్డాయి? రాత్రిళ్లు ఎక్కువా? మూత్రం ముదురు రంగులో వస్తోందా? మీ అమ్మగారికి ఇలా ఉండేదా?" అంతే, నాలుగు ప్రశ్నలు. లివర్ టెస్టుకీ, బైల్ యాసిడ్స్ పరీక్షకీ రక్తం తీయించింది.

దీని పేరు కొలెస్టాసిస్. గర్భంతో ఉన్నప్పుడు కొందరికి లివర్ నుంచి పిత్తరసం సరిగా కిందికి జారదు, అందులోని ఆమ్లాలు, అంటే బైల్ యాసిడ్స్, రక్తంలో చేరతాయి. తల్లికి దురద. బిడ్డకు నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం, ఆమ్లాలు బాగా పెరిగితే కడుపులోనే ప్రాణం పోయే ప్రమాదం. లీటరుకు 100 మైక్రోమోల్స్ చేరితే ఆ భయం బాగా ఎక్కువట. నాది 52. తర్వాతి వారం 78. ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. దురద కొంచెం తగ్గింది, కొంచెమే. పాప గుండె చప్పుడు చూసే మానిటర్ ఇవాళ బాగుందంటే రేపటికి హామీ కాదని ఆ అమ్మాయే చెప్పింది. దాచకుండా చెప్పినందుకు ఆమె చేతులకు దండం పెట్టాలనిపించింది.

దురదే కదా అన్న పెద్ద డాక్టరు ఆ రిపోర్టు చూసి "మంచి టైంలో పట్టుకున్నాం" అన్నారు. పట్టుకున్నామట! ఆ బహువచనం నాకింకా గొంతులో అడ్డం పడే ఉంది.

37వ వారంలో నొప్పులు రప్పించారు. 14 గంటలు, కుట్లు, ఏడుపు, పాప. మూడో రోజుకి దురద పూర్తిగా పోయింది. కూర్చుంటే కుట్లు, పడుకుంటే రాళ్లలా గట్టిపడ్డ రొమ్ములు. పాలిచ్చే ముందు వేడి గుడ్డ, ఇచ్చాక చల్ల గుడ్డ. వాటికి ఎవరైనా మామూలే అంటే నవ్వొచ్చేది.

డాక్టరమ్మాయి నాలుగో ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. అమ్మను అడిగాను. "నీ కడుపుతో ఉన్నప్పుడు అరచేతులు గోడకేసి రాసుకునేదాన్ని" అంది. కాసేపాగి, "నీకంటే ముందువాడప్పుడూ అంతే" అంది.

నాకు ముందొక అన్న, ఎనిమిదో నెలలో ప్రాణం లేకుండా పుట్టాడని తెలుసు. అమ్మ ఏదో బరువు ఎత్తడం వల్లేనని నాన్నమ్మ అనేది. ముప్పై ఏళ్లకు పైగా అమ్మ ఆ మాట మోసింది. వాడి విషయంలోనూ ఇదే జరిగిందని ఇప్పుడెవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. అమ్మ మాత్రం నా రిపోర్టు అడిగి తీసుకుని, ఆ అంకెలు ఏమీ అర్థం కాకపోయినా, చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది.

దద్దుర్లు లేకుండా అరికాళ్లు, అరచేతులు రాత్రిళ్లు దురద పెడుతుంటే బైల్ యాసిడ్స్ పరీక్షని పేరు పెట్టి అడగండి. ఒకసారి బాగానే వచ్చినా, దురద ఆగకపోతే మళ్లీ చేయించమనండి. బిడ్డ కదలిక తగ్గితే నాలా బేరాలాడుతూ పడుకోకండి, వెంటనే వెళ్లండి. కాన్పయిన ఆరు వారాలకు లివర్ టెస్టు మళ్లీ చేయించాను, బాగానే వచ్చింది. ఇంకో బిడ్డను కంటే ఇది మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రాసేవాళ్లకు కూడా ఈ సంగతి ముందే చెప్పాలి.

చెల్లికి ఇప్పుడు ఏడో నెల. వారానికి రెండుసార్లు ఫోన్ చేసి అరికాళ్లు ఎలా ఉన్నాయని అడుగుతున్నాను. "ముందు నేనెలా ఉన్నానో అడగవా అక్కా?" అని విసుక్కుంటోంది.