చంచల్‌గూడ బంకు, శాన్ క్వెంటిన్ క్లాసు

"మీ దేశంలో జైలుకెళ్తే ఇక బతుకు అయిపోయినట్టేనటగా?" కాలిఫోర్నియాలోని మా ఆఫీసులో, లంచ్ టైమ్‌లో మా టీమ్ అమెరికన్ ఆవిడ ఒకామె చాలా మామూలుగా అనేసింది. పక్కనే ఉన్న మా సహోద్యోగి అప్పుడే తన చదువు గురించి చెబుతున్నాడు. అతను కోడింగ్ నేర్చుకున్నది ఇక్కడి శాన్ క్వెంటిన్ జైల్లో, ఖైదీగా ఉన్నప్పుడు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచడు.

నాకు చురుక్కుమంది. చంచల్‌గూడ జైలు వాళ్ళ పెట్రోల్ బంకు గురించి చెప్పాను. ఖైదీలూ, విడుదలైనవాళ్ళూ అక్కడ పనిచేస్తారని, కొలతలో తేడా ఉండదని మా నాన్న పనిగట్టుకుని అక్కడికే వెళ్తారని చెప్పాను. చర్లపల్లి జైల్లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీలు చదువుకుంటారనీ చెప్పాను. ఆమె సారీ చెప్పింది గానీ నా రోషం చల్లారలేదు. ఇల్లు చేరేదాకా మనసులో ఆమెతో వాదిస్తూనే ఉన్నాను. కాలేజీ చదువుకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంట్లు ఖైదీలకు ఇవ్వకూడదని 1994లో చట్టం చేసింది మీరు కాదూ? మళ్ళీ పూర్తిగా ఇవ్వడానికి 2023 జులై దాకా ఆగలేదూ?

అయినా అతని పని చూస్తే ముచ్చటేస్తుంది. ఎర్రర్ రాగానే మేమంతా దాన్ని కాపీ చేసి గూగుల్‌లో పడేస్తాం. అతను ముందు మెసేజ్ మొత్తం చదువుతాడు, స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో లైనూ కిందికి జరుపుతూ. ఏ ఫైల్లో, ఏ ఫంక్షన్లో తేడా వచ్చిందో కాగితం మీద రాసుకుంటాడు. ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకుంటాడు. 'ద లాస్ట్ మైల్' అనే సంస్థ 2014లో శాన్ క్వెంటిన్‌లో కోడింగ్ క్లాసు మొదలుపెట్టింది. ఖైదీలకు ఇంటర్నెట్ ఉండదు. వెతుక్కునే దారే లేనప్పుడు ఇచ్చిన పాఠాన్ని నమిలి మింగాల్సిందే. బీటెక్ నాలుగేళ్ళలో నాకు ఆ ఓపిక ఎవరూ నేర్పలేదు.

అయితే చదువొక్కటే అతన్ని మా ఆఫీసుకి తీసుకురాలేదు. ఐదుగురు, అంతకుమించి ఉద్యోగులున్న కంపెనీలు చాలావరకు, ఆఫర్ ఇచ్చేదాకా నేరచరిత్ర అడగకూడదని 2018 నుంచి కాలిఫోర్నియాలో చట్టం ఉంది. ఆ తర్వాత తెలిసినా ఊరికే కాదనడానికి లేదు. ఆ నేరానికీ ఈ పనికీ సంబంధమేంటో, ఎన్నేళ్ళయిందో చూడాలి. స్లాక్ కంపెనీ అదే ఏడాది 'నెక్స్ట్ చాప్టర్' పేరుతో జైలు నుంచి వచ్చినవాళ్ళకు అప్రెంటిస్‌షిప్ పెట్టి, ముగ్గురిని ఇంజినీర్లుగా తీసుకుంది.

మన బంకు నాకు ఇప్పటికీ గర్వమే. జనం మధ్యలో, పట్టపగలు, డబ్బు చేతికిచ్చి పని చేయిస్తున్నాం. ఇక్కడ అంత నమ్మకం నేను చూడలేదు. కానీ చర్లపల్లిలో డిగ్రీ తెచ్చుకున్న కుర్రాడు బంకు దాటి మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్ళాలంటే? గచ్చిబౌలిలో హెచ్‌ఆర్ చేస్తున్న నా స్నేహితురాలికి ఫోన్ చేసి అడిగాను. "అప్లికేషన్ మొదటి పేజీలోనే కేసులున్నాయా అని అడుగుతామే. ఉన్నాయని టిక్ పెడితే ఆ ఫైలు నా దాకా రాదు" అంది. పాపం, దాని మీద నాకు కోపం లేదు. క్లయింట్లు ఒప్పుకోరంది. ఎవరే ఆ క్లయింట్లు అంటే చెప్పింది. అందులో పెద్దది మా ఆఫీసుకు అరగంట దూరంలో ఉన్న కంపెనీ. తన సొంత గడప దగ్గర ఆ ప్రశ్న ముందుగా అడగడానికి దానికి హక్కు లేదు.