పంతులు లేని పెళ్లి

ఫ్రెండ్ పెళ్లికెళ్లొచ్చా. పంతులూ లేడు ఫాదరూ లేడు, ఒక సెలబ్రెంట్, అంటే వేడుక నడిపించే ఆవిడ, ఉందంతే. ఆవిడ ముందే ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి ఎందుకు గొడవపడ్డారు, ఎవరు ముందు సారీ చెప్పారు, ఇలాంటివన్నీ అడిగి రాసుకుందట, అవి అందరి ముందూ చదువుతుంటే మావాడి మొహం చూడాలి!! తర్వాత ఉంగరాలు చిన్న గుడ్డసంచిలో వేసి అందరి చేతులూ మారేలా పంపారు, గుప్పిట్లో కాసేపు పట్టుకుని మనసులో ఏదోటి కోరుకుని పక్కవాళ్లకివ్వాలన్నమాట, నా దాకా వచ్చేసరికి వెచ్చగా ఉన్నాయవి, ఏంటో గొంతు పట్టేసింది. ప్రమాణాలు మాత్రం మరీ పొడుగు, సగం కోసేయొచ్చు 😄

ఇదేం నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. ఆస్ట్రేలియాలో అటార్నీ జనరల్ లయొనెల్ మర్ఫీ 1973లోనే మతంతో పనిలేకుండా పెళ్లి చేసే సివిల్ సెలబ్రెంట్లని పెట్టాడు, స్కాట్లాండ్‌లో 2005 నుంచి హ్యూమనిస్ట్ పెళ్లిళ్లు, అంటే దేవుడి ప్రస్తావన లేకుండా చేసేవి, చట్టప్రకారం చెల్లుతాయి. చాలాచోట్ల మాత్రం ఇది వేడుక వరకే, రిజిస్ట్రేషన్ విడిగా చేయించుకోవాల్సిందే, వీళ్లూ ముందే సంతకాలు పెట్టేసొచ్చారు.

పిల్లలకి పేరు పెట్టడం, రిటైర్మెంట్, ఆఖరికి సంతాపసభ కూడా ఇలా చేయిస్తారు. నాకైతే సంతాపసభే ఎక్కువ నచ్చింది, పోయినమనిషి నిజంగా తెలిసినవాళ్లే మాట్లాడతారు కదా, నా దానికి ఎవరెవరు మాట్లాడకూడదో లిస్ట్ ఆల్రెడీ రెడీ.